గేటు దాటని ఆలుగడ్డలు

శంకరయ్య ఆ రోజు పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. కొడుకు బాలేష్ అప్పటికే కుత్బుల్లాపూర్ ఫ్యాక్టరీలో డ్యూటీ ఎక్కి ఉంటాడు. కోడలు శృతి ఆఫీసుకు వెళ్లిపోతుంది. భార్య సిద్దమ్మ టీవీ ముందు కూర్చుంటుంది. ఎండ ముదరకముందే పెరట్లో తవ్వి పెట్టుకున్న సాళ్లలో ఆలుగడ్డ విత్తనం నాటేయాలి. అంతే.

ఆ విత్తనం కోసం పడ్డ తిప్పలు మాత్రం చిన్నవి కావు. బౌరంపేట్ పొలాలన్నీ విల్లాలైపోయాక ఆయనకు మిగిలింది ఇంటి వెనక నాలుగు మంచాలు పట్టే జాగా. అందులో వంకాయ, బెండ, తోటకూర అన్నీ అయ్యాయి. ఒక ఆదివారం సిద్దమ్మ చేసిన ఆలుగడ్డ కూర తియ్యగా ఉండేసరికి అసలు గొడవ మొదలైంది.

"గిది కూరనా, పాయసమా?" అన్నాడు శంకరయ్య.

"కోల్డ్ స్టోరేజీ ఆలుగడ్డలు గట్లనే ఉంటయి. నాలికకు నచ్చినవి కావాల్నంటే నువ్వే పండియ్యి" అంది సిద్దమ్మ.

మాట పడ్డాడు గనుక పండించక తప్పలేదు. మొదట వంటింట్లోవే కొన్ని తీసి పాతిపెట్టాడు. అవి మట్టిలోనే కుళ్లిపోయాయి. మేడ్చల్ వెళ్లి విత్తనాల దుకాణాలన్నీ తిరిగాడు. మక్కలున్నాయి, టమాట ఉంది, ఆలుగడ్డ లేదు. "ఆలుగడ్డకు ప్యాకెట్ల విత్తనం ఉండది పెద్దాయనా. గడ్డనే విత్తనం. గది ఈడ దొరకది" అని చెప్పిన ఒక దుకాణదారు, వచ్చినవాణ్ని ఉత్త చేతులతో పంపడం ఇష్టం లేక ముల్లంగి గింజలు అంటగట్టాడు. చివరికి శామీర్‌పేటలో కూరగాయలు పండించే పాత స్నేహితుడు గఫూర్ ఆదుకున్నాడు. జహీరాబాద్ దిక్కు ఆలుగడ్డ వేసే బావమరిదికి చెప్పి, చిన్న సంచెడు విత్తనపు గడ్డలు తెప్పించి ఇచ్చాడు.

శంకరయ్య వాటిని మొలకలు వచ్చేదాకా మంచం కింద దాచాడు. ఒక్కో ముక్కకు రెండు కళ్లయినా ఉండేలా కోశాడు. కుళ్లు పట్టకుండా నీళ్ల పొయ్యిలోని బూడిద అద్ది ఆరబెట్టాడు. ఆరిన ముక్కలను ఒక సంచిలో వేసి, గాలి తగులుతుందని వీధి తలుపు పక్కన పెట్టాడు. ఆ సంచి ఈమధ్య చుట్టాల పెండ్లిలో రిటర్న్ గిఫ్టుగా వచ్చింది. అలాంటివి రెండు వచ్చాయి. రెండోదాంట్లో శృతి రోజూ అన్నం తీసుకుపోతుంది.

శృతి పని చేసేది తుర్కపల్లిలోని ఒక మందుల ప్రయోగశాలలో. చేరి ఇంకా ఏడాది కాలేదు. ఉద్యోగం పర్మినెంట్ అవుతుందో లేదో ఆ వారంలోనే తేలాలి. పైగా ఆ రోజు బయటినుంచి తనిఖీ బృందం వస్తోంది. కంపెనీ క్యాబ్ సందు చివర హారన్ కొట్టగానే ఆమె తలుపు పక్కనున్న రెండిట్లో చేతికందిన సంచి పట్టుకుని పరుగెత్తింది.

శంకరయ్య పార భుజాన వేసుకుని, మిగిలిన సంచి తీసుకుని పెరట్లోకి వెళ్లాడు. మూతి విప్పగానే గుప్పున టమాట పప్పు వాసన వచ్చింది.

"ఏమే, నా ఆలుగడ్డలేవి?"

"నీ ఆలుగడ్డల సంగతి నాకేమెర్క?" అంటూ వచ్చిన సిద్దమ్మ డబ్బా చూసి నెత్తి పట్టుకుంది. "అయ్యో, పిల్ల బువ్వ ఈడనే ఉన్నది! మరి అది ఏం కొంటబోయింది?"

జవాబు ఫోన్లో వచ్చింది. శృతి గొంతు, వెనక లారీల మోత.

"మామయ్యా, సంచిల ఏం పెట్టిండ్రు? ఇయ్యాల అందరి సంచులు చూస్తున్నరు. నాది గేటు కాడ పట్టుకున్నరు. ఏందో పౌడర్ రాసిన ముక్కలున్నయి. నాకేం తెల్వదని చెప్పిన. సేఫ్టీ ఆఫీసర్ వస్తుండు, ఫోన్ ఈడ పెట్టి..."

అక్కడితో ఆగిపోయింది. మళ్లీ చేస్తే స్విచాఫ్.

సిద్దమ్మ చెవిన పడినవి రెండే మాటలు. పౌడర్, పట్టుకున్నరు. ఇటీవల టీవీలో ఆ రెండు మాటలూ కలిసి వినిపించినప్పుడల్లా చివర్లో పోలీసు జీపు కనిపించింది.

"నీ బూడిద పాడుగాను! కోడల్ని జైలుకు తోలుతివి గదయ్యా!"

శంకరయ్య చేతిలోని ఫోను వంక చూశాడు. శృతి ఉద్యోగం చేస్తానన్నప్పుడు ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. 'పిల్ల చదివిన చదువు గూట్ల పెట్టుకుంటదా?' అని వాదించి అందరినీ ఒప్పించింది ఆయనే. ఇప్పుడు ఆ ఉద్యోగానికే ఎసరు పెట్టాడు.

అదే సమయానికి గఫూర్ ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. నాటే రోజు కదా అని ఎరువు బస్తాలు వేసుకొచ్చాడు.

"గఫూర్, దిగకు! జల్దీ తుర్కపల్లికి పోనియ్యి!"

గఫూర్ ఎందుకని అడగలేదు. సిద్దమ్మ పప్పు డబ్బా పట్టుకుని ఏడుస్తూ ఎక్కింది. ముగ్గురూ ముందు సీట్లోనే ఇరుక్కున్నారు. వెనక బస్తాల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

"పరేషాన్ గాకు వదినా. ఆలుగడ్డల మీద కేసెవడు పెడ్తడు?" అన్నాడు గఫూర్, సంగతంతా విన్నాక.

"పౌడరున్నదన్నరట!"

"గది మీ పొయ్యి బూడిదనే గద."

"నీకు నాకు ఎర్క. ఆళ్లకేం ఎర్క?"

బండి మేడ్చల్ దాటింది, శామీర్‌పేట దాటింది. పొలం పోయిన తర్వాత పొద్దున లేచి ఎటు నడవాలో తెలియక శంకరయ్య ఇంటి గేటు దాకా పోయి తిరిగి వచ్చేవాడు. ఆలుగడ్డల ధ్యాస పట్టాక ఆ నడక తప్పింది. శృతికి అలా కాదు. ఆమె పొద్దు ఆమె సంపాదించుకున్నది. అత్త సణుగుడు, క్యాబ్ తొందర, రాత్రి చదువు, అన్నీ ఓర్చుకుని సంపాదించుకున్నది. తన పొద్దు గడవడానికి పెట్టుకున్న పని పోయి పోయి ఆమె పొద్దుకు అడ్డం పడిందేమిటా అని ఆయన కుమిలిపోయాడు.

కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు.

"బండ్ల ఏమున్నది?"

"ఎరువు" అన్నాడు గఫూర్. "బర్రె పేడ. ఏడాది మాగింది. గిసొంటిది మార్కెట్ల దొరకది."

గార్డు రెండడుగులు వెనక్కి వేసి విజిల్ ఊదాడు. సరిగ్గా అప్పుడే తనిఖీ బృందం కార్లు వచ్చి ట్రాలీ వెనక ఆగాయి. ముందుకు పోవడానికి గేటు తీయరు. వెనక్కి రావడానికి కార్లు కదలవు. లోపలినుంచి నలుగురు మనుషులు పరుగెత్తుకొచ్చి ట్రాలీ చుట్టూ పసుపు తాడు కట్టారు. చక్రాల మీద మందునీళ్లు కొట్టారు. కార్లలోంచి దిగినవాళ్లు ముక్కులు మూసుకుని, కళ్లు మాత్రం బాగా తెరిచి చూస్తూ నిలబడ్డారు.

తెల్లకోటు వేసుకున్న సన్నటి మనిషి ముందుకొచ్చాడు. కోటు మీద జానకిరామయ్య, సేఫ్టీ ఆఫీసర్ అని ఉంది. శంకరయ్య దిగి చేతులు జోడించాడు.

"సారూ, తప్పు నాది. గా సంచి నాది. పిల్లకు ఏం తెల్వదు. శిక్ష ఏదున్నా నాకెయ్యండ్రి. దాని కొలువు మాత్రం తియ్యకుండ్రి."

"ముందు ఆ బండి పక్కకు తీయించండి" అన్నాడు జానకిరామయ్య.

కార్లు జరిగాయి. ట్రాలీ వెళ్లి రోడ్డవతల నిలబడింది. తనిఖీవాళ్లు లోపలికి వెళ్లిపోయారు. వాళ్లతోనే వెళ్లిన జానకిరామయ్య ఎంతకీ తిరిగి రాలేదు. ముగ్గురూ రోడ్డు పక్క బండరాయి మీద కూర్చుని గేటు వైపే చూస్తున్నారు.

మధ్యాహ్నం భోజనాల వేళకు శృతి బయటికొచ్చింది. శంకరయ్య తలెత్తి చూడలేకపోయాడు.

"మామయ్యా, పప్పు తెచ్చిండ్రా? మస్తు ఆకలైతాంది" అంది ఆమె.

"ముందు నీ నౌకరి ఉన్నదా పోయిందా చెప్పు బిడ్డా!" అంది సిద్దమ్మ.

జవాబు వెనకే వచ్చిన జానకిరామయ్య చెప్పాడు. "ఉందమ్మా. సంచి తెరవగానే, 'ఇదేంటో నాకు తెలియదు, లోపలికి పోనివ్వకండి' అని ముందుగా చెప్పింది మీ కోడలే. తెలిసినా తెలియదని, తెలియకున్నా తెలుసని చెప్పేవాళ్లనే చూశాం ఇన్నాళ్లూ. ఆమె పర్మినెంట్ కాగితం మీద మావాళ్లు ఇందాకే సంతకం పెట్టారు."

"మరి తనిఖీ?" అన్నాడు శంకరయ్య.

"అదీ గట్టెక్కింది. పొద్దున సంచి, తర్వాత పేడ బండి. రెండూ గేటు దాటలేదు. మమ్మల్ని మేం పరీక్షించుకోవడానికి ఇదంతా మేమే ఏర్పాటు చేశామనుకుని తెగ మెచ్చుకున్నారు. ముఖ్యంగా ఏడుస్తూ వచ్చిన ముసలావిడ చాలా సహజంగా ఉందన్నారు."

"కాదని చెప్పలేదా సార్?" అంది శృతి.

"రెండుసార్లు చెప్పాను. వినయం అనుకున్నారు."

శంకరయ్యకు అప్పుడు గానీ ఊపిరి ఆడలేదు. ఊపిరి ఆడగానే ఆలుగడ్డలు గుర్తొచ్చాయి. ఆయన అడగకముందే జానకిరామయ్య సీలు వేసిన కవరు ఒకటి అందించాడు. అది ఇంకా వెచ్చగా ఉంది.

"ఏమిటో తేలని మొక్క ముక్కలు దొరికితే ఆవిరి యంత్రంలో పెట్టాకే బయటికివ్వాలి. అది రూలు."

సిద్దమ్మ కవరు పైనుంచే వేలితో నొక్కి చూసింది. "మంచిగ ఉడికినయి" అంది.

"తినకండమ్మా. అది ఇంకో రూలు."

శంకరయ్య ఆ కవరు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. శృతి అన్నం డబ్బా మూత పెట్టేసి ఆయన పక్కకు వచ్చింది. "ఈసారి మనిద్దరం కలిసి నాటుదాం మామయ్యా. నాకు గూడ నేర్పియ్యుండ్రి" అంది. పెండ్లయి వచ్చినప్పటినుంచీ ఆమె ఆయనను అడిగిన మొదటి కోరిక అది. ఆయన తల ఊపాడు.

శృతి లోపలికి వెళ్లాక జానకిరామయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"విత్తనపు గడ్డలు ఎక్కడ దొరికాయండీ? మా మేడ మీద వేద్దామని రెండు చలికాలాలనుంచి వెతుకుతున్నా."

శంకరయ్య తెల్లబోయాడు. "అంటే గవి విత్తనాలని మీకు ముందే ఎర్కనా?"

"చూడగానే తెలిసింది. ఎంత చక్కగా మొలకెత్తాయి!"

"మరి తెల్సి తెల్సి ఎట్ల ఉడకబెట్టిండ్రు సారూ?"

"నాకు తెలిస్తే చాలదు, కాగితం మీద తేలాలి" అని నిట్టూర్చాడు జానకిరామయ్య. "మీట నొక్కేటప్పుడు కళ్లు మూసుకున్నా."

ఆదివారానికి గఫూర్ బావమరిది మరో రెండు సంచులు పంపాడు. ఒకటి బౌరంపేట్‌కు వెళ్లింది. రెండోది శామీర్‌పేటలో గఫూర్ ఇంటి దగ్గరే జానకిరామయ్య అందుకుని, పసిబిడ్డలా ఎత్తుకుని ట్రాలీ ఎక్కాడు. ఆయన ఇంటికి దగ్గర దారి కంపెనీ గేటు ముందునుంచే పోతుంది. బండి అటు మళ్లుతుండగా ఆయన గఫూర్ భుజం తట్టి, ఎంత దూరమైనా సరే ఊరి చుట్టూ తిప్పి తీసుకుపొమ్మన్నాడు.

"ఆ సెక్యూరిటీవాళ్లు" అన్నాడు, "మరీ ఖచ్చితమైన మనుషులు."