మా ఆయన నడుం వంగింది!

ప్రతి ఇంట్లోనూ మగవాడనేవాడు విగ్గు పెట్టుకుని, మోకాళ్లదాకా తెల్ల మేజోళ్లు తొడుక్కుని, పాత రాజుల కాలం నాటి డాన్సు చేసి తీరాలని చట్టం తేవాలి. నవ్వకండి! నేను సీరియస్‌గానే అంటున్నాను.

మా ఆయన ఇన్సూరెన్స్ ఆఫీసులో సెక్షన్ హెడ్డు. ఈమధ్య ఆఫీసు పక్క హాల్లో ఒక క్లబ్బు వెలిసింది. ఆదివారం సాయంత్రమైతే చాలు, పెద్ద పెద్ద ఉద్యోగస్తులు లేసుల చొక్కాలేసుకుని, ఎప్పుడో మూడొందల ఏళ్ల కిందట యూరప్ దర్బారుల్లో ఆడిన డాన్సులు ఆడతారు. ఆడవాళ్లకు గౌన్లు. మామూలు గౌన్లనుకునేరు! లోపల తీగల చట్రం ఉంటుంది. ఒకావిడ కూర్చుంటే సోఫా మొత్తం ఆవిడదే.

"ఇది హాబీ కాదోయ్, సంస్కృతి" అన్నారు మా ఆయన. సరే అన్నాను. సంస్కృతి వచ్చాక బీరువాలో నా బట్టలకు చోటు పోయింది, అయితేనేం? డ్రెస్సింగ్ టేబుల్ మీద ముడుచుకుని ఉన్న విగ్గును చూసి మా అత్తగారు పిల్లి అనుకుని చీపురుతో అదిలించారు.

ముందు ఆరోగ్యం సంగతి చూడండి. మా ఆయనకు పెళ్లయినప్పటి నుంచీ నడుం నొప్పి. మంచం కిందికి జారిన టవల్ తీసుకోమన్నా "నడుం పట్టేసిందోయ్, నువ్వే చూడు" అంటారు. దానికి మా అత్తగారే సాక్షి. "వాడిది చిన్నప్పట్నుంచీ సుకుమారమైన ఒళ్లమ్మా!" అంటారావిడ. అలాంటి మనిషి ఇప్పుడు అద్దం ముందు కుడికాలు చాపి, విగ్గు నేలకు తగిలేలా వంగి వంగి సలాములు ప్రాక్టీసు చేస్తున్నారు. ఏ డాక్టరు వల్ల అయిందీ పని?

ఇక జ్ఞాపకశక్తి! కన్నకూతురు ఏ క్లాసు చదువుతోందో గుర్తుండని బుర్రలో, ఏ హోదా గల ఆవిడకు ఎంత లోతుగా వంగాలో అచ్చు గుద్దినట్టు ఉంది.

మొన్న ఆదివారం విగ్గు మరిచిపోయి వెళ్లారు. విగ్గు లేని దర్బారు ఏం దర్బారు? ఒళ్లో పెట్టుకుని బస్సులో తీసుకెళ్లాను. వెళ్లేసరికి హాలు గుమ్మంలో క్లబ్బు మెంబరు, ఒక పళ్ల డాక్టరమ్మ గౌను ఇరుక్కుపోయి ఉంది. ఆవిడ ముందుకూ రాలేదు, వెనక్కీ పోలేదు. మా ఆయన పరుగున వచ్చి, రెండు తలుపులూ బార్లా తీసి, వంగి చెయ్యందించి, ఆవిణ్ని మెల్లగా పక్కకు తిప్పి లోపలికి నడిపించారు. కుర్చీ జరిపారు. మంచినీళ్లు తెచ్చారు. "అలిసిపోయి ఉంటారు, కాసేపు కూర్చోండి" అన్నారు. ఆ మాట నాకేననుకుని నేను కూడా కుర్చీ కోసం చూశాను.

అప్పుడు కనబడ్డాను ఆయనకు. "తెచ్చావా? అక్కడ పెట్టి వెళ్లు. రాత్రికి వేడిగా ఏదైనా చెయ్యి, ఒళ్లంతా పులిసిపోయింది."

"ఎవరండీ ఆవిడ?" అని డాన్సు మాస్టారు అడిగారు.

"మా ఇంట్లోవాళ్లు" అన్నారు మా ఆయన, నిటారుగా నిలబడి.

నాకు ఒళ్లు మండింది. ఏడుపూ వచ్చింది, దాచుకోవడం ఎందుకు? ఎప్పుడో పోయిన రాణుల కోసం ఇంత మర్యాద పోగుచేసి పెట్టిన మనిషికి, పొద్దున్నే లేచి ఆ మేజోళ్లు ఉతికే పెళ్లానికి ఒక్క కుర్చీ చూపించడానికి చేతులు రాలేదా?

అయినా నేను క్లబ్బును తిట్టను. అసలు లాభం నాకు ఆ హాలు గుమ్మంలోనే కళ్లబడింది మరి! మర్నాడే దర్జీ దగ్గరికెళ్లి నాకూ అలాంటి గౌను ఒకటి కుట్టమన్నాను. క్లబ్బుకు కాదు, రోజూ ఇంట్లో వేసుకోవడానికి.

"కింద ఎంత వెడల్పు పెట్టమంటారమ్మా?" అన్నాడు దర్జీ.

ముందే కొలుచుకుని వెళ్లాను. మా వంటింటి గుమ్మం కన్నా జానెడు ఎక్కువ పెట్టమన్నాను.