మీవాళ్ళ మీద ఒక జోకు

స్టాండప్ కామెడీలోకి డైవర్సిటీ వచ్చాక ప్రేక్షకులకు ఆలోచించే బాధ తప్పింది. నమ్మరా? ఒకప్పుడు కమెడియన్ మైకు పట్టుకుంటే ఏం మాట్లాడతాడోనని చెవులు రిక్కించి కూర్చోవాల్సి వచ్చేది. ఇప్పుడు మొహం చూడగానే జోకేమిటో తెలిసిపోతుంది. నవ్వు ముందే సిద్ధం చేసుకోవచ్చు!

మా వీధి చివరి కామెడీ క్లబ్బునే చూడండి. ఆదివారం సాయంత్రం జాతికొక్క కమెడియన్, ఒక్కొక్కరికి ఏడేసి నిమిషాలు. కూరగాయల కొట్లోలాగా ఎవరి బుట్ట వాళ్ళది. టమాటాల బుట్టలో ఉల్లిపాయ కనబడితే కొనేవాడు ఎంత కంగారుపడతాడో మీకు తెలియదా?

అక్కడ జోకులు చెప్పేవాళ్ళలో ఒక లిఫ్ట్ మెకానిక్ ఉన్నాడు. వాళ్ళ తాత కాలంలో ఈ ఊరికి వలస వచ్చిన కుటుంబం. మనిషి బుద్ధిమంతుడే కానీ ఒక దురలవాటుంది. లిఫ్టుల మీద జోకులు రాస్తాడు. ఒకటీ రెండూ కాదు, నోటుబుక్కు నిండా! మొదటిరోజే మేనేజరు అది తిరగేసి తల పట్టుకున్నాడు.

"లిఫ్టులెవడిక్కావాలి బాబూ? మీవాళ్ళ గురించి మాట్లాడు. మీ అమ్మ గరిటెలు విసరదూ?"

"మా అమ్మ లైబ్రరీలో పనిచేసి రిటైరైందండీ. ఎవరైనా గట్టిగా మాట్లాడితేనే ఆవిడకి తలనొప్పి."

"అయ్యో పాపం! పర్లేదులే, విసిరిందనే చెప్పు. అన్నట్టు, మీ యాస ఏదీ?"

యాస ఎక్కణ్ణుంచి తేవాలి? ఇంటిల్లిపాదీ ఈ ఊరి మాటే మాట్లాడతారు. చివరికి ఒక టీవీ సీరియల్లో వాళ్ళ జాతి వంటవాడి వేషం వేసిన నటుణ్ణి చూసి, వారం రోజులు అద్దం ముందు నిలబడి నేర్చుకున్నాడు. ఆ నటుడు వాళ్ళవాడు కాదనుకోండి, అది వేరే సంగతి.

షో అదిరిపోయింది! అరిచే అమ్మ, ఎగిరే గరిటె. జనం కడుపు చెక్కలయ్యేలా నవ్వారు. ముందు వరుసలో కూర్చున్న వాళ్ళమ్మ కూడా మర్యాదకి నవ్వింది. ఎవరి తల్లో పాపం అనుకుంది కాబోలు.

ఆర్నెల్లు గరిటె ఎగురుతూనే ఉంది. నోటుబుక్కులోది ఒక్కసారి, ఒక్క పేజీ మైకులో చదవాలన్నదే అతని కోరిక. అడిగినప్పుడల్లా మేనేజరు "చూద్దాం" అనేవాడు. అతను మింగలేకా కక్కలేకా మళ్ళీ గరిటె అందుకునేవాడు.

మొన్న ఆదివారం షో అయ్యాక క్లబ్బున్న బిల్డింగు లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల చిమ్మచీకటి. అందులో మేనేజరు, మెకానిక్ వాళ్ళమ్మ, ఇంకో ఆరుగురు ప్రేక్షకులు. ఎవరో ఏడుపు మొదలుపెట్టారు. మెకానిక్ మెట్ల మీదుగా పరిగెత్తాడు.

"కంగారుపడకండి, పావుగంట! ఆరుగురే ఎక్కాలని రాసుంటే ఎనిమిదిమంది ఎక్కారు కదా? తొమ్మిదోవాడు వస్తే మాత్రం చదువు రాదా అని అడిగుంటారు!"

లోపల ఎవరో కిసుక్కుమన్నారు. ఇంక ఆగుతాడా?

"తలుపు మూసే బటను నొక్కీ నొక్కీ అరగదీస్తారు చూడండి, ఈ లిఫ్టులో దానికి వైరే లేదు. మీ చేతికేదో పని ఉండాలని పెట్టాం!"

ఒక చేత్తో తాళం తిప్పుతూ నోటుబుక్కంతా నోటితో అప్పజెప్పాడు. లోపలివాళ్ళకి అతని మొహం కనబడదు. ఏ బుట్టలోవాడో గుర్తు చేసుకునే తీరిక వాళ్ళకి లేదు. ఊరికే నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్విన గొంతు లైబ్రరీ ఆవిడది. ఆ నవ్వు విని అతని చేయి ఒక్క క్షణం ఆగిపోయింది.

తలుపు తెరుచుకునేసరికి మేనేజరు కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"అబ్బాయ్, వచ్చే ఆదివారం ఇదే చెప్పు!"

మెకానిక్ కాళ్ళు నేల మీద లేవు.

"కాకపోతే ఒక్క మాట. మీవాళ్ళకి లిఫ్టులంటే ఎందుకంత పిచ్చో, ముందు అది కాస్త వివరించు."

చూశారా, ఎంత శ్రద్ధ! మా ఎడిటర్‌గారూ అంతే. నేను మా వీధి కుళాయి గురించి రాస్తానంటే, "అది ఎవరైనా రాస్తారండీ, డైవర్సిటీ సంచికకి మీరు మీవాళ్ళ గురించే రాయాలి" అన్నారు. రాశాను. ఆ మెకానిక్ మా అన్నయ్య కొడుకే. గరిటె విసరని ఆవిడ మా వదిన.

అడిగింది రాసిచ్చాను కాబట్టి చివర రెండు ముక్కలు నావి. మా వీధి కుళాయి పదకొండు రోజులుగా కారుతోంది. మీవాళ్ళ నీళ్ళూ మావాళ్ళ నీళ్ళూ కలిసే పోతున్నాయి.