కమిట్‌కు కట్టిన చీటీ

ఆ శుక్రవారం వీబెకె చేయదలచుకున్న పనులు రెండే. దారిలో బేకరీ దగ్గర ఆగి ఆఫీసుకు బన్నులు కొనడం, పది గంటలకు ప్రెబెన్ ఎదుట కూర్చుని ఉద్యోగం ఖాయం చేయించుకోవడం. శుక్రవారం బన్నులు తెచ్చే వంతు ఆమెది. ప్రొబేషన్‌లో ఆఖరి రోజు కూడా ఆ శుక్రవారమే అయి కూర్చుంది. ఉద్యోగం ఖాయమైతే స్వెన్‌బోర్గ్ ఊళ్ళో రేవు పక్కన అద్దెకు తీసుకున్న గది నిలుస్తుంది. లేకపోతే మళ్ళీ అమ్మానాన్నల దగ్గరికి, పందుల ఫారం వైపు కిటికీ ఉన్న గదికి పోవాలి. గసగసాల బన్నులు తక్కువైతే ఆఫీసులో టోవె మూతి ముడుస్తుందని, అవి నాలుగు ఎక్కువే కట్టించుకుంది పాపం.

రేవుల్లో ఓడల వేళలు చూపించే బోర్డులకు ప్రోగ్రాములు రాసే చిన్న కంపెనీ అది. దాని యజమాని ప్రెబెన్. ఏ ఓడ ఎప్పుడు బయలుదేరుతుందో తేల్చే వేళల లెక్క ఆయన కుర్రతనంలో స్వయంగా రాసింది. అప్పటినుంచీ దానికి ఆయనే అతుకులు వేస్తూ వచ్చాడు. సాహసించి వేలు పెట్టిన ఒకరిద్దరు ఆ వారమే కేకు తెచ్చుకున్నారు. పని చెడగొట్టినవాళ్ళు కేకు తేవాలన్నది ఆ ఆఫీసు రాజ్యాంగం. మిగతా నియమాలు ఎవరికీ గుర్తుండవు గానీ ఇదొక్కటి అందరికీ కంఠతా వచ్చు.

వీబెకెకు అప్పగించిన పని ఆ లెక్కను చదివి అర్థం చేసుకోవడం. ప్రోగ్రాములో చేసిన ప్రతి మార్పూ, చేసినవాళ్ళ పేరుతో, గిట్ అనే మార్పుల చిట్టాలో ఒక కమిట్‌గా నిలిచిపోతుంది. ఆ తర్వాత దాన్ని కదపకూడదు. కానీ కదపకుండానే దానికి ఒక చీటీ కట్టుకోవచ్చు, జామ్ సీసా మూతకు కాగితం అంటించుకున్నట్టు. వీబెకె చదువుతూ చదువుతూ ప్రెబెన్ కమిట్లకు చీటీలు కడుతూ పోయింది. ఒకదానికి "ఇది ఎలా పనిచేస్తోందో దీనికే తెలియదు" అని. ఇంకొకదానికి "రాసే ముందు అన్నం తిని ఉండాల్సింది" అని. గురువారం ప్రెబెన్ "పెంతెకోస్తు సోమవారాన్ని మర్చిపోవద్దు" అన్న పేరుతో, ఆ సెలవు రోజు వేళల కోసం, లెక్కకు మరో అతుకు వేశాడు. దాని కింద ఆమె ఆ లెక్క గురించి ఇలా రాసి కట్టింది: "వయసైపోయింది. ఇక గౌరవంగా సాగనంపాలి."

ఇందులో భయపడాల్సింది ఏమీ లేదు. ఎవరి చీటీలు వాళ్ళ కంప్యూటర్‌లోనే ఉంటాయి. మామూలుగా పని పైకి, అంటే అందరికీ ఉమ్మడిగా ఉన్న సర్వర్‌కు, పంపితే కమిట్లు వెళ్తాయి, చీటీలు గడప దాటవు. అయితే గురువారం సాయంత్రం ఎస్బెన్ వచ్చాడు. ఆఫీసులో కంప్యూటర్ల మంచిచెడ్డలు చూసేది అతనే.

"రేపొద్దున నీ పాత ల్యాప్‌టాప్ పట్టుకుపోతా, కొత్తది ఇస్తా. ఉన్నవన్నీ పైకి తోసెయ్."

"అన్నీనా?"

"అన్నీ అంటే అన్నీ! తర్వాత అది పోయింది ఇది పోయింది అని నా ప్రాణం తీయకు."

మంచి ఉద్యోగి కాబట్టి వీబెకె అన్నీ తోసేసింది. ఆ ఆజ్ఞలో ఒక నక్షత్రం గుర్తు పెట్టింది. దాని అర్థం ఏదీ వదలకుండా అని. గిట్ మాట తప్పే రకం కాదు, ఏదీ వదల్లేదు.

ఆఫీసులో పరీక్షలు నడిపే యంత్రం ఒకటుంది. ప్రతి కమిట్‌కూ "పాస్" అనో "ఫెయిల్" అనో చీటీ కట్టడం దాని ఉద్యోగం. అవి కనబడాలని పైనున్న చీటీలన్నీ ప్రతి ఉదయం మొదలుపెట్టి పది నిమిషాలకోసారి అందరి కంప్యూటర్లలోకీ దిగేట్టు ఎస్బెన్ ఏర్పాటు చేశాడు. చీటీ కనబడేది కమిట్ కిందే, కమిట్ చేసినవాళ్ళ పేరు కిందే. కట్టింది ఎవరో అక్కడ రాసి ఉండదు. వీబెకె బన్నుల సంచితో లోపలికి వచ్చేసరికి ఎస్బెన్ తన తెర ముందు తల పట్టుకుని కూర్చున్నాడు. పక్కన టోవె ముక్కు తుడుచుకుంటోంది. లెక్కలూ సెలవులూ ఫోన్లూ అన్నీ చూసుకునే టోవె ఆ ఆఫీసుకు పెద్ద దిక్కు.

"చూశావా వీబెకె? ప్రెబెన్ వెళ్ళిపోతున్నాడు!"

"ఎక్కడికి?"

"రిటైరవుతున్నాడు. మనతో ఒక్క ముక్క చెప్పలేదు. తన కమిట్ కింద రాసుకున్నాడు, చదువు."

వీబెకె చదివింది. తన వాక్యం అంత చక్కగా ఉందని అంతవరకూ ఆమెకు తెలియదు.

"మొదటినుంచీ చీటీలు చదువుతుంటే గుండె తరుక్కుపోతోంది. ఎన్నాళ్ళనుంచి తనను తనే తిట్టుకుంటున్నాడో! అన్నం కూడా తినకుండా పనిచేశాడట. మనం ఒక్కరోజైనా అడిగామా?" అంది టోవె.

"అది... ప్రెబెన్ రాసిందేనని ఏముంది?"

"పైన పేరెవరిది? నీదా?" అన్నాడు ఎస్బెన్.

రాసింది నేనే అనడానికి వీబెకె నోరు తెరిచింది. గోడ గడియారం ఎనిమిదిన్నర చూపిస్తోంది. ప్రెబెన్ పొద్దున్నే ఓడల రేవులో బోర్డు చూడటానికి వెళ్ళాడు, పదింటికి వస్తాడు. ఆయన పాతికేళ్ళ ముద్దుబిడ్డ లాంటి లెక్కను ముసలిదన్నది తనేనని ఇప్పుడు ఒప్పుకుంటే, పదింటికి జరిగేది మీటింగు కాదు, వీడ్కోలు. ఆమె నోరు మూసుకుని బన్నులు బల్ల మీద పెట్టింది.

ఈలోగా ఎవరూ చూడకుండా చీటీ మార్చేస్తే సరిపోతుందనుకుంది. కొత్త ల్యాప్‌టాప్ తెరిచి, పాత వాక్యం చెరిపి, దాని చోట "పొరపాటు జరిగింది, క్షమించండి" అని రాసి పైకి పంపింది. గిట్ తీసుకోలేదు. ఆ చీటీని మధ్యలో మరొకరు మార్చారంది. ఈలోపే ఎస్బెన్ కళ్ళు తుడుచుకుని, ప్రెబెన్ వాక్యం కింద ప్రేమగా "మర్చిపోలేను" అని ఒక వరుస చేర్చాడు. ఇంకొకరి కమిట్ కింద రాసే పని తనే చేశాడు గానీ, అదే పని అంతకుముందు మరొకరు చేసి ఉండొచ్చన్న ఆలోచన మాత్రం అతనికి రాలేదు.

"ఎస్బెన్, రెండు చీటీలు గొడవపడితే ఏం చేస్తారు?" అని ఆమె ఊరికే అడుగుతున్నట్టు అడిగింది.

"కలిపి పేర్చమను. రెండిట్లో ఉన్న వరుసలన్నీ తీసుకుని అక్షరక్రమంలో పెట్టేస్తుంది. ఏ గొడవా ఉండదు."

వీబెకె కలిపి పేర్చమంది. గొడవ లేకుండానే పైకి వెళ్ళింది. చెరిపిన వాక్యం ఎస్బెన్ చీటీలోంచి తిరిగొచ్చి, అన్నీ బుద్ధిగా అక్షరక్రమంలో నిలబడ్డాయి:

"పొరపాటు జరిగింది, క్షమించండి.
మర్చిపోలేను.
వయసైపోయింది. ఇక గౌరవంగా సాగనంపాలి."

కాసేపటికి టోవె కేక ఆఫీసంతా వినిపించింది. "అయ్యో! ఏదో తప్పు చేశాడట! దాన్ని మర్చిపోలేక వెళ్ళిపోతున్నాడు!"

"ఇప్పుడే మార్చినట్టున్నాడు. పాపం, రేవులో ఒక్కడే కూర్చుని," అన్నాడు ఎస్బెన్.

"నీళ్ళ పక్కనా?" అంటూ టోవె ఫోను అందుకుంది. ఆమె ఫోను చేసింది ప్రెబెన్‌కు కాదు, ఆయన భార్య రిగ్మోర్‌కు. మాట్లాడిన నాలుగు నిమిషాల్లో మూడు నిమిషాలు అవతలివైపు నుంచే మాటలు వచ్చాయి. ఫోను పెట్టేసిన టోవె అయోమయంగా చూసింది.

"తప్పు సంగతి అడగనే లేదు. 'రిటైరవుతున్నాడా? నిజంగానా?' అని ఏడ్చింది. తర్వాత నవ్వింది. పదింటికి వస్తానంది."

ఆ తర్వాత ఎవరినీ ఆపే వీలు లేకపోయింది. ఎస్బెన్ సైకిలేసుకుని వెళ్ళి మీగడ పొరల కేకు తెచ్చాడు. బీరువాలోంచి బల్ల మీద పెట్టే చిన్న చిన్న జెండాలు బయటికొచ్చాయి. టోవె తలుపేసుకుని పాట రాయడానికి కూర్చుంది. ఎవరికి ఏ శుభం జరిగినా తెలిసిన బాణీలో కొత్త పాట కట్టి, కాగితాలు పంచి, అందరిచేతా పాడించనిదే ఆమెకు నిద్ర పట్టదు. వీబెకె ఇక లాభం లేదనుకుని ఆ తలుపు తట్టింది.

"టోవె, ఒక్క మాట. ఆ చీటీ ప్రెబెన్ రాసింది కాదు. నేను రాశాను."

టోవె కలం కింద పెట్టి, లేచి వచ్చి ఆమెను కౌగిలించుకుంది. "ఎంత మంచి మనసే నీది! ఆయన తప్పు నీ నెత్తిన వేసుకుంటున్నావా? అదీ ప్రొబేషన్‌లో ఉండి? వద్దు తల్లీ, నీ మేలు కోరి చెప్తున్నా. అవునూ, 'తడబడ్డావు'కు ప్రాస ఏదైనా చెప్పు."

"నిలబడ్డావు," అంది వీబెకె నీరసంగా.

పదింటికి ప్రెబెన్ తలుపు తీశాడు. జెండాలు చూశాడు. కేకు చూశాడు. చేతుల్లో కాగితాలతో నిలబడ్డ తనవాళ్ళను చూశాడు. ఆయన టోపీ తీసేలోపే టోవె అందుకుంది, మిగతావాళ్ళు వెంటపడ్డారు:

"వానలోనూ మంచులోనూ వేళ మరవక నిలబడ్డావు,
ఏడాదంతా బాగానే ఉండి రెండుసార్లే తడబడ్డావు!
మార్చాలని చూసినవాళ్ళం మేమే మారి ఊరుకున్నాం,
నిన్ను కదపాలంటే చాలు, ముందే కేకు కొనుక్కున్నాం!"

ఏడాదికి రెండుసార్లు అని టోవె రాసింది క్రిస్మస్ విందులోనూ వేసవి విందులోనూ ఆయన తాగి పాడే పాటలను దృష్టిలో పెట్టుకుని. ప్రెబెన్ నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని చేతి రుమాలు తీశాడు.

"మార్చిలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి. వేసవికీ చలికాలానికీ గడియారాలు గంట మార్చిన రోజున తడబడుతుంది. నాకు తెలుసు. కానీ టోవె, నువ్వు ప్రోగ్రాము చదవగలవని మాత్రం నాకు ఇవాళే తెలిసింది."

టోవె పాట కాగితం వైపు అనుమానంగా చూసుకుంది.

"పొద్దున రేవులో కూర్చుని చీటీలన్నీ చదివాను," అన్నాడాయన. "ముందు ఒళ్ళు మండింది. ఇంతలో చూస్తూండగానే మీరంతా వచ్చి ఒకరు క్షమించండి అని, ఒకరు మర్చిపోలేను అని... ఒక లెక్కకు ఇంత మర్యాద ఎవరు చేస్తారు? దాన్ని తీసేయాలని నాకూ ఎప్పటినుంచో ఉంది. చేతులు రాలేదు. మీరు ఇంత గౌరవంగా సాగనంపుతుంటే నేనెందుకు అడ్డం పడతాను? కొయ్యండి కేకు."

గదిలో కత్తి ఎవరి చేతిలో ఉందో వాళ్ళ చేతిలోనే ఆగిపోయింది. ఇంతలో వాకిట్లో, పడకా పొయ్యీ ఉన్న కారవాన్ బండి హారన్ మోగింది. రిగ్మోర్ లోపలికి వచ్చింది, కాళ్ళకు కొండలెక్కే బూట్లతో.

"పద ప్రెబెన్. సామానంతా సర్దేశాను. నార్వే ఓడ మధ్యాహ్నానికి."

"నార్వే ఏమిటి? నాకు ఆఫీసుంది."

"రిటైరయ్యావుగా?"

"నేనా? రిటైరయింది నేను కాదు. నా లెక్క!"

రిగ్మోర్ జెండాలను చూసింది, కేకు చూసింది, టోవె చేతిలోంచి కాగితం తీసుకుని పాట మొత్తం చదివింది. ఆమెకు అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"పెళ్ళయినప్పటినుంచీ అడుగుతున్నాను, ఒక్క వేసవి నాతో రమ్మని. 'నేను లేకపోతే నా లెక్క ఆగిపోతుంది' అన్నావు ప్రతి ఏడాదీ. ఇప్పుడు దానికి పాట పాడారు, కేకు పెట్టారు, పోయింది. ఇంకేం సాకు చెప్తావో చెప్పు, విందాం."

ప్రెబెన్ గదంతా కలియజూశాడు. సాకు ఎక్కడా కనిపించలేదు. ఒక పళ్ళెంలో రెండు కేకు ముక్కలు పెట్టించుకుని కారవాన్ దాకా నడిచి, మెట్టు మీద నిలబడి వీబెకెను పిలిచాడు. ఆమె కాళ్ళీడ్చుకుంటూ వచ్చింది.

"మనకు పదింటికి మీటింగు ఉంది కదూ? చీటీ కట్టినవాళ్ళ పేరు కమిట్ కింద కనబడదు. కానీ చీటీలకూ చరిత్ర ఉంటుంది. ఎవరు, ఎప్పుడు, ఏమని కట్టారో, ఎప్పుడు చెరిపారో అన్నీ ఉంటాయి. వెతకడం తెలిసినవాళ్ళకు దొరుకుతాయి."

"ప్రెబెన్, నేను..."

"అన్నం తినకుండా రాశానన్నావు చూడు, అది నిజం. ఆ రోజు నిజంగానే తినలేదు." ఆయన కేకు కొరికాడు. "ఇన్నేళ్ళలో దాన్ని మొదటినుంచీ చివరిదాకా చదివినదానివి నువ్వొక్కదానివే. ఉద్యోగం ఖాయం. కొత్త లెక్క నువ్వే రాయి. నేను తిరిగొచ్చేసరికి పాతది కనబడకూడదు, చూస్తే బాధేస్తుంది."

వీబెకెకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. కారవాన్ వీధి మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపింది. ఆ సాయంత్రమే ఇంటికి ఫోను చేసి, పందుల వైపు గదిని ఎవరికైనా ఇచ్చుకోమని చెప్పేసింది.

కొత్త లెక్క త్వరగానే తయారైంది. చిన్నగా, శుభ్రంగా, చూడముచ్చటగా ఉంది. పాత అతుకులన్నీ చెత్తబుట్టలో వేసి, పాత కమిట్ల పేర్లు కూడా మళ్ళీ ఒకసారి చూడకుండా బోర్డులకు ఎక్కించింది. వచ్చిన మొదటి సెలవు పెంతెకోస్తు సోమవారం. సెలవు రోజున నడవని ఓడల వేళలను ప్రతి బోర్డూ గర్వంగా చూపించింది. సైకిళ్ళతో, పిల్లలతో, తినుబండారాల బుట్టలతో జనం రేవులో పొద్దున్నుంచీ ఖాళీ నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డారు.

మంగళవారం ఉదయం అందరి కంప్యూటర్లలోకీ చీటీలు దిగాయి. వీబెకె కమిట్ కింద, వీబెకె పేరు కింద, నార్వే కొండల్లోంచి వచ్చిన చీటీ ఒకటి కనబడింది: "వయసు చాలలేదు. శుక్రవారం కేకు నాది."

తప్పు తనంతట తనే ఒప్పుకుందని టోవె ఆమెను మళ్ళీ కౌగిలించుకుని, ఈసారి మీగడ ఎక్కువ వేయించమంది.