డ్రిల్లు మాస్టారు బాగానే ఉన్నారు

ఆ ఇంటాయనకి అన్నీ వచ్చు, ఒంట్లో బాగాలేదని ఒప్పుకోవడం ఒక్కటే రాదు. ముప్పై ఏళ్ళు బళ్ళో డ్రిల్లు మాస్టారుగా చేసిన మనిషి. నూటమూడు జ్వరంలో ఉన్నా, ఎవరైనా "బాగున్నారా?" అంటే చాలు, ఛాతీ విరిచి "నాకేం? గుండ్రాయిలా ఉన్నాను" అనేవారు. గుండెలో మూడు రక్తనాళాలు పూడిపోయాయని డాక్టరు చెప్పిన రోజున కూడా "మిగతావి బాగున్నాయి కదా!" అని డాక్టర్నే ఓదార్చి వచ్చారు.

వచ్చే గురువారం ఆపరేషన్. ఇంక ఆలస్యం చేస్తే ప్రాణానికే ప్రమాదమన్నారు. మాస్టారు సరేనన్నారు గానీ ఒక మెలిక పెట్టారు. అల్లుడు వచ్చి పక్కన నిలబడితేనే బల్ల ఎక్కుతారట. అల్లుడు విదేశీయుడు, వాళ్ళ దేశంలో ఆసుపత్రి నర్సు. లోకంలో మాస్టారు వినేది అతని మాటొక్కటే. అదీ, అతనికి వచ్చిన తెలుగు పాతిక మాటలు దాటదు కాబట్టి వాదించే వీలు లేక. వీడియో కాల్‌లో అతను "మామయ్యా, కూర్చో" అంటే కూర్చునేవారు. "మందు వేసుకో" అంటే వేసుకునేవారు. 'మీరు' అనే మాట అతనికి భార్య ఇంకా నేర్పలేదు.

ఆ అల్లుడికి విజిటర్ వీసా కావాలి. అర్జీ అక్కడ పెట్టాడు. ఇక్కడి వీసా ఆఫీసువాళ్ళు రోగి ఉన్నమాట నిజమేనని రాస్తేగాని ఆ కాగితం కదలదు. ఇవాళ శుక్రవారం, రేపూ ఎల్లుండీ సెలవు.

ఆ పొద్దుటి పథకం చాలా సులువైనది. ముందుగానే వచ్చేసిన కూతురు స్కానింగ్ కాగితాలకు జెరాక్సులు తీయించుకొస్తుంది. ఆఫీసువాళ్ళు ఫోన్ చేస్తే మాట్లాడడానికి ఇల్లాలు ఫోన్ పక్కన కూర్చుంటుంది. మాస్టారు ఏమీ చెయ్యరు. ఆఫీసు తెరిచేది పదిన్నరకి కదా అని, పదింటికి ఇల్లాలు స్నానానికి వెళ్ళింది. పదీ ఒక నిమిషానికి ఫోన్ మోగింది.

"నమస్కారమండీ, వీసా ఆఫీసు నుంచి. బాగున్నారా?"

"దివ్యంగా ఉన్నామమ్మా!"

"మీ ఇంట్లో పెద్దాయనకి సీరియస్‌గా ఉందట కదండీ?"

"ఎవరమ్మా ఆ కూతలు కూసింది? ఈ ఇంట్లో పెద్దాయన్ని నేనే. పొద్దున్నే ఇరవై గుంజీలు తీశాను!"

నిజానికి రెండు తీశారు. మూడోదానికి గోడ పట్టుకున్నారు.

ఇల్లాలు తడిజుట్టుతో పరుగెత్తుకొచ్చింది. "ఎవరండీ ఫోన్లో?"

"ఎవరో మంచమ్మాయి, పాపం. నా ఆరోగ్యం కనుక్కుంది."

కూతురు వచ్చి, విషయం విని, ఆఫీసుకి తిరిగి ఫోన్ చేసేసరికి అక్కడ గొంతు మారిపోయింది. నాలుగింటిలోగా రోగిని తెచ్చి చూపించాలి, లేకపోతే అబద్ధపు అర్జీ అని రాసేస్తారు.

"నాన్నా! ఎందుకలా చెప్పావ్?"

"మర్యాదకి చెప్పానే. ఎవరైనా బాగున్నారా అంటే, బాగాలేనంటారా?"

"సరే. అక్కడ మాత్రం రోగిలా కూర్చో, చాలు."

"రోగి ఎలా కూర్చుంటాడు?"

"నోరు మూసుకుని," అంది ఇల్లాలు.

ఆఫీసు గుమ్మంలో చక్రాల కుర్చీ ఒకటి ఉంది. కూతురు దాన్ని చూపించి, టోకెన్ తేవడానికి లోపలికి వెళ్ళింది. మాస్టారు కుర్చీ వంక, అది తన పరువు తియ్యడానికే వచ్చినట్టు చూశారు.

"దీన్లో నేనా? నీకు మోకాళ్ళ నొప్పులు కదుటే, నువ్వు కూర్చో."

ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన కుర్చీ చూపించి కూర్చోమనడం అదే మొదటిసారి. ఇల్లాలు కాదనలేకపోయింది. "మెల్లగా తొయ్యండి," అని మాత్రం అంది.

లోపల అధికారిణి తలెత్తి చూసింది. చెమటలు కక్కుతూ ఒక పెద్దాయన, ఆయన తోస్తున్న కుర్చీలో నిమ్మళంగా ఒక పెద్దావిడ.

"అయ్యో, గుండె ఆపరేషన్ మీకేనా అమ్మా?"

"దానికి మోకాళ్ళమ్మా!" అన్నారు మాస్టారు.

ఆ గొంతు అధికారిణి వెంటనే గుర్తుపట్టింది. "ఇరవై గుంజీలు మీరేనా? ఇక్కడేమో గుండె అని రాసుంది. పురుషుడు అని కూడా ఉంది. పొద్దున ఇంట్లో రోగే లేరన్నారు. ఇప్పుడేమో మోకాళ్ళంటున్నారు. ఆటగా ఉందా మీకు?"

కూతురు టోకెన్‌తో పరుగెత్తుకొచ్చింది. కాగితాలు చూపించింది, బతిమాలింది. అధికారిణి కలం తీసింది. ఏం రాయబోతోందో ఆవిడ ముఖంలోనే తెలిసిపోతోంది.

అప్పుడే కూతురి చేతిలో ఫోన్ మోగింది. ఏమైందో కనుక్కుందామని అల్లుడు. తెర నిండా అతని ముఖం.

"మామయ్యా, బాగున్నావా?"

మాస్టారు అలవాటుగా ఛాతీ విరిచారు. నోరు తెరిచారు. ఆ కలం వంక చూశారు. మెల్లగా భుజాలు కిందికి దిగాయి.

"లేదు నాయనా, బాగాలేను. నాలుగడుగులు వేస్తే ఊపిరాడట్లేదు. గుంజీలు కూడా రెండే తీశాను. ఆ బల్ల తలుచుకుంటే భయమేస్తోంది. నువ్వు తొందరగా రా."

అల్లుడికి వచ్చిన పాతిక మాటల్లో ఇవెన్ని ఉన్నాయో గానీ, ఆ ముఖం చూసి అతను "మామయ్యా, కూర్చో," అన్నాడు.

కుర్చీలో ఇల్లాలు ఉంది. ఆవిడ లేచింది. మాస్టారు కూర్చున్నారు.

అధికారిణి కాగితం మీద రెండు పంక్తులు రాసి, ముద్ర ఎంత గట్టిగా కొట్టిందంటే పక్క కౌంటర్లో టోకెన్లు ఎగిరిపడ్డాయి.

సోమవారం వీసా వచ్చింది. బుధవారం అల్లుడు వచ్చాడు. గురువారం మాస్టారు అతని చెయ్యి పట్టుకుని బల్ల ఎక్కారు, గుండెని బాగుచేయించుకుని దిగారు. మర్నాడు కళ్ళు తెరవగానే నర్సమ్మ వంగి అడిగింది, "బాగున్నారా?"

మాస్టారు ముందు అల్లుణ్ణి చూశారు, తర్వాత భార్యని చూశారు.

"నొప్పిగా ఉందమ్మా. ఇన్నాళ్ళూ అందరితో బాగున్నానని చెప్పుకుంటూ వచ్చాను చూడు, అది నాదే తప్పు."

అప్పటికి గాని ఇల్లాలికి, ఆయన బాగుపడ్డారని నమ్మకం కుదరలేదు.