పళ్ల డాక్టరుగారి కోలచక్రం

కొండ సైకిళ్ల సంఘం రెండుగా చీలిపోయిందన్న వార్తలో నిజం లేదని అధ్యక్షులవారు స్పష్టం చేశారు. సంఘం చెక్కుచెదరకుండా ఉందనీ, సభ్యులు మాత్రమే రెండుగా చీలారనీ ఆయన వివరణ. చీలికకు కారణం పదవులు కావు, సిద్ధాంతాలు అంతకన్నా కావు. పళ్ల డాక్టరుగారి సైకిలుకున్న పళ్లచక్రం.

పెడళ్ల దగ్గర చైనును లాగుతూ తిరిగే పళ్లచక్రాన్ని మీరు చూసే ఉంటారు. అది పుట్టిన నాటి నుంచీ గుండ్రంగానే ఉంటోంది, దాని మీద ఎవరికీ ఫిర్యాదు లేదు. ఫిర్యాదు లేనంత మాత్రాన పరిష్కారం ఉండకూడదని ఎక్కడా రాసిలేదు కనుక, ఎవరో మేధావి దాన్ని రెండు పక్కలా నొక్కి కోడిగుడ్డు ఆకారంలోకి తెచ్చాడు. ఆ కోలచక్రం ఒకటి మన డాక్టరుగారి చేతికి చిక్కింది.

డాక్టరుగారు యాభై దాటిన మనిషి. ఆయన పళ్లు ముత్యాలు, మోకాళ్లు మాత్రం తుప్పు పట్టిన తలుపు బందులు. ప్రతి ఆదివారం పొద్దున్నే ఊరి చివరి కొండ మీదికి సైకిలు తొక్కడం ఆయనకు అలవాటు. తోడు బావమరిది. ఆయన కాలేజీలో లెక్కలు చెప్పే మాష్టారు. కొండకు సగం దూరంలో ఒక నిటారైన వంపు ఉంది. దాని పేరు అమ్మో మలుపు. అక్కడికి రాగానే ఎవరైనా ఆ మాట అని సైకిలు దిగిపోతారు. మాష్టారు మాత్రం దిగకుండా ఎక్కేవాడు. ఎక్కి, పైనున్న బండ మీద కూర్చుని, నీళ్లు తాగుతూ, సైకిలు తోసుకుంటూ వస్తున్న బావగారికి ధైర్యం చెప్పేవాడు.

"నిదానంగా రా బావా. కొండ ఎక్కడికీ పోదులే."

మోకాళ్ల కన్నా ఈ ధైర్యమే డాక్టరుగారిని ఎక్కువగా బాధించేది.

కోలచక్రం బిగించిన మొదటి ఆదివారం ఆయన అమ్మో మలుపును దిగకుండా ఎక్కేశారు. పైకి చేరాక కళ్లు చెమర్చాయి. ఆ క్షణాన బావమరిది 'శభాష్ బావా' అని ఒక్క మాట అని ఉంటే ఈ కథ ఇక్కడితో సుఖాంతం అయ్యేది. అయితే ఆయన లెక్కల మాష్టారు.

"వెనక నుంచి గాలి కొట్టింది బావా," అన్నాడు కళ్లద్దాలు తుడుచుకుంటూ.

"గాలి కాదురా, కోల! పెడలు పై కొసకొచ్చినప్పుడూ, కింది కొసకు చేరినప్పుడూ కాలికి బలం ఉండదు. అక్కడ చక్రం చిన్నదవుతుంది. కాలు గట్టిగా తొక్కేచోట పెద్దదవుతుంది. మోకాలికి హాయి!"

మాష్టారు పుల్ల తీసుకుని మట్టిలో ఒక కోల గీశాడు. దానికి అడ్డంగా రెండు గీతలు గీశాడు. "ఒకచోట ఇచ్చింది ఇంకోచోట లాక్కుంటుంది. కుడిచేత్తో పెట్టి ఎడంచేత్తో తీసుకోవడమే. లెక్క తేలిపోయింది."

"లెక్కలకు మోకాళ్లుండవురా! అయినా పళ్ల విషయంలో నువ్వా నాకు చెప్పేది?"

ఆ రోజు ఇద్దరూ కొండ దిగారు గానీ, ఎవరి మాట మీద నుంచి వాళ్లు దిగలేదు.

తర్వాత పరిణామాలు ఎంతో సహజంగా సాగాయి. డాక్టరుగారు తన ఆస్పత్రిలోనే ప్రచారం మొదలుపెట్టారు. కుర్చీలో వెనక్కి వాలి, నోరు బార్లా తెరిచి, దవడలో దూది కుక్కించుకున్న మనిషికి కోలచక్రం ప్రయోజనాలు వివరించడంలో ఒక సౌకర్యం ఉంది. అతను ఎదురు చెప్పలేడు. 'ఆ... ఆ...' అనే మూలుగులన్నిటినీ డాక్టరుగారు ఏకగ్రీవ ఆమోదంగా స్వీకరించారు. పిప్పిపన్నుతో లోపలికి వెళ్లినవారు, జన్మలో సైకిలెక్కనివారు సైతం, కోలపక్షం సభ్యులై బయటికొచ్చారు. అవతల మాష్టారు కూడా చేతులు ముడుచుకు కూర్చోలేదు. గుండ్రచక్రం నిర్దోషి అని నిరూపించమంటూ పరీక్షలో ప్రశ్న ఇచ్చాడు. పిల్లలందరూ నిరూపించారు. మార్కులంటే ఎవరికి చేదు?

కొండ కింద టీ దుకాణంలో రెండు బెంచీలు ఉండేవి. ఒకటి గుండ్రపక్షానికి, మరొకటి కోలపక్షానికి చెందాయి. ఏ అభిప్రాయమూ లేనివారు నిలబడి తాగాల్సి వచ్చింది. కాళ్లు నొప్పి పుట్టి వారికి కూడా త్వరలోనే గట్టి అభిప్రాయాలు ఏర్పడ్డాయి. సభ్యులు వాదన ముగించుకుని లేచేసరికి ఎండ ముదిరేది. ఎండలో కొండ ఎక్కడం ఆరోగ్యానికి మంచిది కాదు గనుక అందరూ ఇళ్లకు వెళ్లిపోయేవారు. సంఘం ఇంత చురుగ్గా ఎన్నడూ లేదని అధ్యక్షులవారు సంతోషించారు.

డాక్టరుగారి ఇంట్లో మాత్రం ఆదివారం భోజనాల బల్ల దగ్గర ఒక కుర్చీ ఖాళీ అయింది. ఏళ్ల తరబడి మాష్టారు అక్కడే కూర్చుని, అక్క వంటకు వంక పెట్టి, మూడోసారి వడ్డించుకుని, బావ జోకులకు బావకన్నా ముందే నవ్వేవాడు. ఇప్పుడు డాక్టరుగారు జోకు వేస్తే గోడ గడియారం టిక్కుమనేది. ఆయనకు ముద్ద దిగడం లేదు. అయినా నాయకుడన్నవాడు దిగులు పడకూడదు కదా, మజ్జిగ తాగి లేచేవారు.

ఆయన భార్య కొన్నాళ్లు చూసింది.

"ఆ చక్రం గుండ్రంగా ఉంటే ఏంటండీ, కోలగా ఉంటే ఏంటి? మీ ఇద్దరి బుర్రలూ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి."

"నీకు అర్థం కాదులే. వాడు మాట వెనక్కి తీసుకోవాలి."

"వాడూ ఫోనులో అదే అంటున్నాడు. బావ వెనక్కి తీసుకోవాలట. సరే, ఆ మాటలేవో నాకిచ్చెయ్యండి, అటకమీద పడేస్తాను."

చివరికి అధ్యక్షులవారు నిష్పాక్షిక పరీక్షకు ఆదేశించారు. డాక్టరుగారి సైకిలు పళ్లచక్రానికి అట్టముక్కలతో ముసుగు కడతారు. ఒకసారి గుండ్రం, ఒకసారి కోల బిగిస్తారు. ఏది ముందో చెప్పరు. ఇద్దరూ చెరో రెండుసార్లు ఎక్కి, ఏది ఏదో చెప్పాలి. ఇరుపక్షాలకూ సమానంగా బంధువు కాబట్టి డాక్టరుగారి భార్యను న్యాయనిర్ణేతగా నియమించారు.

పరీక్ష రోజున అధ్యక్షులవారు టీ దుకాణం ముందు ప్రసంగించారు. "సోదరులారా! మానవజాతి చక్రాన్ని కనిపెట్టి వేల ఏళ్లయింది. అది ఏ ఆకారంలో ఉండాలో తేల్చే బాధ్యత మాత్రం చరిత్ర మన సంఘానికే వదిలిపెట్టింది!" రెండు బెంచీలూ చప్పట్లు కొట్టాయి, చరిత్ర తమ వైపే ఉందని.

సైకిల్ షాపాయన వెంట సైకిలు టీ దుకాణం వెనక గదిలోకి వెళ్లింది. రెంచీల చప్పుడు వినిపించింది. ముసుగుతో బయటికొచ్చింది. డాక్టరుగారు ఎక్కారు, అమ్మో మలుపు దగ్గర దిగిపోయారు. "ఇది గుండ్రం. మోకాళ్లు ఏడుస్తున్నాయి," అన్నారు. మాష్టారు ఎక్కాడు. "ఇది కోల. బాతు నడిచినట్టు ఊగుతోంది," అన్నాడు. సైకిలు మళ్లీ లోపలికి వెళ్లింది, మళ్లీ రెంచీల చప్పుడు. ఈసారి డాక్టరుగారు దిగకుండా ఎక్కేశారు. "కోల! వెన్నలా ఉంది!" మాష్టారు కూడా ఎక్కి, "గుండ్రం. దీనికి ఢోకా లేదు," అన్నాడు.

అందరూ న్యాయనిర్ణేత వైపు చూశారు. ఆమె కొంగు దోపుకుని ముందుకొచ్చింది.

"రెండుసార్లూ ఉన్నది ఒకటే చక్రమండీ. లోపల సైకిల్ షాపాయన టీ తాగుతూ రెంచీ రేకుడబ్బా మీద కొట్టాడు, అంతే. మారిస్తే తేడా తెలుస్తుందని ఇద్దరూ అంటున్నారుగా. మార్చకపోతే తెలుస్తుందేమో చూద్దామనుకున్నాను."

డాక్టరుగారికి చెవులు వేడెక్కాయి. నేల చూపులు చూస్తూ పక్కకు తిరిగితే, మాష్టారు కూడా అదే నేలను చూస్తున్నాడు. ఆ నేల మీద చూడదగ్గది ఏమీ లేదు. 'మోసపోయానర్రా, నా మోకాళ్లే నన్ను మోసం చేశాయి' అని చెప్పేద్దామని డాక్టరుగారు నోరు తెరిచారు కూడా. ఈలోగా కోలపక్షం ఆయన్ని భుజాల మీదికెత్తుకుంది. చక్రం మార్చలేదంటే అవతలివాళ్లు భయపడ్డారని వాళ్ల వాదన. గుండ్రపక్షం మాష్టారిని ఎత్తుకుంది. ముసుగు తీయాలని కొందరు అరిచారు. నిజం బయటపడితే సంఘ ఐక్యతకు భంగమని అధ్యక్షులవారు దాన్ని నిషేధించారు.

డాక్టరుగారు సైకిలు ఇంటికి తెచ్చుకున్నారు. అట్టముసుగు మీద చెయ్యి వేశారు, తీసేశారు. చెయ్యినే, ముసుగును కాదు. మర్నాటి సాయంత్రం గేటు చప్పుడైంది. మాష్టారు లోపలికొచ్చి సైకిలు ముందు గొంతుక్కూర్చున్నాడు.

"విప్పి చూద్దామా బావా?"

"వద్దురా. ఏది కనిపించినా మనలో ఒకడు ఓడిపోతాడు."

మాష్టారు వేళ్లు మడిచి లెక్క వేశాడు. ఈ లెక్కలో తప్పు దొరకలేదు. "అక్క ఏం వండింది?" అన్నాడు.

ఆ ఆదివారం ముసుగు సైకిలుతోనే ఇద్దరూ కొండెక్కారు. అమ్మో మలుపు దగ్గర డాక్టరుగారు దిగిపోయారు. పైకెళ్లిపోగల మాష్టారు కూడా ఎందుకో దిగాడు. సైకిళ్లు తోసుకుంటూ, నవ్వుకుంటూ నడిచారు. డాక్టరుగారికి ఆ మలుపు అంత చిన్నదిగా ఎప్పుడూ అనిపించలేదు.

ఈ ఘోరం రెండు పక్షాల కంటా పడింది. కార్యవర్గం అత్యవసరంగా సమావేశమై, సిద్ధాంతద్రోహం కింద ఇద్దరినీ బహిష్కరించింది. ఆ తీర్మానం ఒక్కటే రెండు బెంచీలూ కలిసి ఆమోదించింది. అప్పటి నుంచీ సంఘం మూడు పువ్వులు ఆరు కాయలుగా వర్ధిల్లుతోంది. కొత్త సభ్యుల్లో చాలామందికి సైకిళ్లు లేవు, కనుక వారికి మోకాళ్ల నొప్పులు కూడా లేవు. వాదనకు కావలసిన ఓపిక పుష్కలంగా ఉంది.

ఇంతకీ ముసుగు కింద ఉన్నది కోలా, గుండ్రమా అని మీరు అడగబోతున్నారు. నాకు తెలుసు. బావా బావమరుదులు కలిశారా, భోజనం చేశారా అన్నది మీకు అక్కర్లేదు. కంగారుపడకండి, సంఘంలో చేరడానికి ఆ ఒక్క అర్హత చాలు.