ఎర్రబస్సు దిగిన రాజుగారు

ఎన్నడూ పుట్టని వీరకంఠ భూపాలుడు సోమవారం పొద్దున ఎర్రబస్సులో కందిపాడు వచ్చి, తన కోట ఖాళీ చేయించమని మున్సిపాలిటీలో అర్జీ పెట్టుకున్నాడు. బస్సు వేళకు వచ్చిందే అని తప్ప ఊళ్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు.

కంగారుపడింది ఒక్క విలేకరి బత్తుల అనంతమే. ఆ రాజును పుట్టించింది ఆయనే మరి. వార్తల్లేని ఒక ఆదివారం జిల్లా పేజీలో జానెడు ఖాళీ మిగిలింది. డెస్కువాళ్ల పోరు పడలేక, శత్రుసైన్యాన్ని మజ్జిగలో ముంచి గెలిచిన ఓ రాజును రాసి పారేశాడు. అక్కడితో ఊరుకోక, కోట తన వీధిలోనే ఉండేదన్నాడు. సొంత వీధికి కాస్త పేరొస్తుందని ఆయన ముచ్చట. ఆ ముక్క ఊళ్లో ఫోన్లన్నీ తిరిగి, ఏడాది తిరక్కుండా కూడలిలో విగ్రహమైంది, బడిలో పాఠమైంది. తీరా ఇప్పుడు అర్జీ మీద కోట కొలతలు తీస్తే సింహాసనం సరిగ్గా అనంతం వంటింట్లోకి వచ్చింది.

కమిషనరు మర్యాదస్తుడు. రాజునూ అనంతాన్నీ పిలిపించి ఇద్దరికీ కాఫీ తెప్పించాడు.

"ఆ రాజు లేడు సార్. నేనే కల్పించాను," అన్నాడు అనంతం.

"ఆధారం ఉందా?"

"రాసింది నేనే కదండీ."

"ఆయన ఉన్నాడనడానికి మీ పేపరే ఆధారం. మీరు అబద్ధం రాశారని మీరే చెబితే ఎట్టా నమ్మేదండీ?"

పక్క కుర్చీలో రాజు కాఫీ ఊదుకుంటున్నాడు. ఆయనకు అనంతం మీద కోపమేమీ లేదు.

"బాధపడమాకయ్యా," అన్నాడు. "మా నాయన్ను గూడా ఇట్టాగే ఎవరో రాశారు."

అనంతం పళ్లు నూరుకుంటూ, ముచ్చటపడి కట్టుకున్న ఇల్లు ఖాళీ చేశాడు. సామాను మోయడానికి ఇరుగుపొరుగు వచ్చారు. రాజుగారి స్థలంలో ఇన్నాళ్లు ఎట్లా ఉన్నావయ్యా అని మెత్తగా చీవాట్లూ పెట్టారు. సింహాసనం చోట పొయ్యి పెట్టినందుకు క్షమించమని భార్య నాగరత్నం రాజుకు దణ్ణం పెట్టింది. అందుకు మాత్రం అనంతానికి చాలా బాధేసింది.

అద్దె గదిలో కూతురు మాధురి పరీక్షకు చదువుకుంటోంది. భూపాలుడి కోటను బత్తుల వంశస్థులు ఆక్రమించారని, చివరికి ప్రజలే వాళ్లను తరిమేశారని కొత్త పాఠం వల్లె వేస్తోంది. తండ్రికి ఒళ్లు మండిపోయింది. పుస్తకం లాగి అవతల పారేద్దామని లేచాడు.

"రాజు శత్రువులను పెరుగులో ముంచి గెలిచెను," అని చదివింది మాధురి.

అనంతం ఆగిపోయాడు.

"పెరుగు కాదమ్మా, మజ్జిగ. సరిగ్గా చదువు, మార్కులు పోతాయి."