బ్రేకుల్లో గాలి

ఆ ఆదివారం అమ్మిరాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఉదయం ఎనిమిదింటికి జీపును గ్యారేజీకి తీసుకెళ్లి బ్రేకులు బాగుచేయించడం, పదకొండింటికల్లా ఇంటికి వచ్చి భార్య సాయిలక్ష్మిని, ఆమె అన్నగారు దుర్గారావును ఎక్కించుకుని నయా రాయపూర్ తిప్పి తీసుకురావడం. అక్కడి రోడ్లు వెడల్పు, మనుషులు తక్కువ. ఎదురుగా ఏమీ రాని రోడ్డంటే అమ్మిరాజుకు ప్రాణం.

అతనిది పుట్టుకతోనే పిరికి స్వభావం. రాయపూర్ శివార్లలోని ఉర్లాలో ఒక ఇనుము ఫ్యాక్టరీలో స్టోర్స్ చూస్తాడు. లిఫ్టు ఎక్కడు. వంటింట్లో కుక్కరు కూత పెడితే హాల్లో రెండడుగులు వెనక్కి వేస్తాడు. అలాంటి మనిషి ముప్పై ఏళ్లనాటి డీజిల్ జీపు ఎందుకు కొన్నాడంటే, దానికీ భయమే కారణం. ఇరవై రెండేళ్లు తానుండే బీర్‌గావ్ రోడ్ల మీద లారీల మధ్య స్కూటరు నడిపి నడిపి, ఎత్తుగా ఉండే ఇనుప బండిలో కూర్చుంటే ధైర్యం వస్తుందనుకున్నాడు. కొన్న నాలుగు నెలల్లో ధైర్యం రాలేదు సరికదా, భయపడడానికి కొత్త కారణాలు దొరికాయి.

మొదటి నెలలో రేడియేటరు ఉడికింది. రెండో నెలలో గేరు రాడ్డు ఊడి చేతిలోకి వచ్చింది. వేగం నలభై దాటితే స్టీరింగు చలిజ్వరం వచ్చినట్టు వణికేది. ఇంజను ఆపాలంటే డాష్‌బోర్డు కింద ఉన్న తీగ లాగాలి. పోయిన వారం ఆ తీగ కాస్తా తెగిపోయింది. అప్పటినుంచి నాలుగో గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కి, క్లచ్ వదిలేస్తే బండి దగ్గుకుంటూ ఆగేది. అంటే ఇంజను ఆగాలన్నా బ్రేకే దిక్కు. ఇప్పుడు ఆ బ్రేకు కూడా మెత్తబడిపోయింది.

రైల్వేలో గార్డుగా రిటైరైన దుర్గారావు మొదటిరోజే తేల్చేశాడు. "బావా, ఈ ఇనప డబ్బా ఎప్పటికైనా నిన్ను మింగేస్తాది. రాసి పెట్టుకో."

దుర్గారావు మాట అంటే అమ్మిరాజుకు జీపు కంటే ఎక్కువ భయం.

గ్యారేజీ నడిపే వీరేంద్ర రాయపూర్ వాడే. ఇరవై ఏళ్లుగా బీర్‌గావ్ తెలుగువాళ్ల బళ్లు బాగుచేసి తెలుగు నేర్చుకున్నాడు. జీపు కిందకి దూరి, వెనక ఎడమ చక్రం దగ్గర బ్రేకు నూనె కారిపోతోందని చెప్పి, అక్కడి పాత సిలిండరు తీసేసి కొత్తది బిగించాడు.

"సార్, ఇప్పుడు బ్లీడింగ్ చెయ్యాలి. గొట్టాల్లో గాలి చేరింది. గాలి ఉంటే బ్రేకు పట్టదు. మీరు పెడల్ తొక్కి పట్టుకోండి, నేను కింద నట్టు వదులు చేసి గాలి తీస్తా. నేను చెప్పేదాకా కాలు లేపొద్దు. లేపితే మళ్లీ మొదటికొస్తుంది."

అమ్మిరాజు రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, ఏదో బాంబు మీద కాలు పెట్టినవాడిలా పెడల్ తొక్కి కూర్చున్నాడు. రెండు చక్రాలు పూర్తయ్యాయి. వీరేంద్ర నూనె డబ్బా కోసం పైకి లేచిన సమయానికి బల్ల మీద అమ్మిరాజు ఫోను మోగింది. కాలు తీయడానికి లేదు. "నువ్వే ఎత్తు వీరేంద్రా!" అని అరిచాడు.

పక్క కొట్లో ఎవరో ఇనుము కోస్తున్నారు. ఆ గోలలో వీరేంద్ర ఒక చెవి మూసుకుని ఫోను ఎత్తాడు. "హలో, అమ్మా! సార్ ఇప్పుడు మాట్లాడలేరు. బ్లీడింగ్ అవుతోంది."

అవతల సాయిలక్ష్మి ఫోను చెవికి అదుముకుంది. "ఏటీ? బ్లీడింగా? ఏటయింది బాబూ?"

"వెనక ఎడమవైపు ఫట్ గయా అమ్మా. పాతది కదా, అంతా కారిపోయింది."

"అయ్యో దేవుడా! ఇప్పుడెలాగుంది?"

"గాలి ఇంకా లోపలే ఉంది. కొద్దికొద్దిగా బయటికి పోతోంది. మొత్తం గాలి పోయిందా, ఇంక అయిపోయినట్టే. మీరు టెన్షన్ పడకండి. అవగానే నేనే ఇంటికి పంపించేస్తా."

వీరేంద్ర ఫోను బల్ల మీద బోర్లా పెట్టి మళ్లీ జీపు కిందకి దూరాడు. "మేడమ్ ఫోన్ చేశారు సార్. అంతా చెప్పేశాను."

 ఇంట్లో సాయిలక్ష్మి వెంటనే అన్నకు ఫోను చేసింది. "అన్నియ్యా, ఆయనకి రక్తం పోతందట. వెనకాల ఏదో పగిలిపోయిందట. గాలి పోతే అయిపోయినట్టేనని సెప్పేసినాడు ఆ మెకానిక్కు. ఇంటికి పంపిస్తానంటన్నాడు అన్నియ్యా!"

దుర్గారావు పది నిమిషాల్లో ఆటోలో దిగాడు. అమ్మిరాజు ఫోనుకు ఆరుసార్లు చేశాడు. కోత యంత్రం గోలలో ఎవరికీ వినిపించలేదు. "ఫోను ఎత్తట్లేదంటే ఆస్పత్రికి ఎక్కించేసినారన్నమాట," అని దుర్గారావు తేల్చేశాడు. "దగ్గర్లో పెద్దాస్పత్రి భన్‌పురిలోనే ఉంది. అక్కడికే తీసుకెళ్లుంటారు. పద, ఎల్దాం." సాయిలక్ష్మి చెప్పులు వేసుకోలేదు, ఫోను తీసుకోలేదు, తలుపు కూడా దగ్గరకు వేయలేదు.

గ్యారేజీలో మూడో చక్రం మొదలుపెట్టేముందు వీరేంద్ర టీకి లేచాడు. అమ్మిరాజు కాలు విదిలించుకుని ఫోను చూశాడు. వరసగా ఆరు మిస్డ్ కాల్స్. ఇంటికి చేస్తే పక్కింటి ఊర్మిళ ఎత్తింది. తలుపు బార్లా తెరిచి ఉండడం చూసి లోపలికి వచ్చిందట.

"అన్నయ్యగారూ, ఇక్కడెవరూ లేరండి. దుర్గారావుగారు వదినని ఆటోలో ఎక్కించుకుని భన్‌పురి ఆస్పత్రికి తీసుకుపోయారు. నేను మేడ మీంచి చూశాను. వదిన ఒకటే ఏడుపు. బ్లీడింగ్, బ్లీడింగ్ అన్నట్టు వినిపించింది. మీరు తొందరగా వెళ్లండి!"

అమ్మిరాజుకు చెవుల్లో హోరు మొదలైంది. పొద్దున తనకు కాఫీ ఇచ్చిన మనిషి. నడుము నొప్పిగా ఉందని రాత్రి ఏదో చెప్పబోతే, తాను జీపు గురించి మాట్లాడుతూ వినిపించుకోలేదు. ఆ సంగతి ఇప్పుడు గుండెలో గుచ్చుకుంది. అతనికి మరేమీ తోచలేదు. జీపెక్కి తాళం తిప్పాడు.

"సార్! రెండు చక్రాలకే తీశాం! రోకో!" వీరేంద్ర టీ గ్లాసుతోనే వెంటపడ్డాడు. జీపు గేటు దాటిపోయింది.

బిలాస్‌పూర్ రోడ్డెక్కాక గానీ అమ్మిరాజుకు తానేం చేశాడో తెలియలేదు. ముందు ఇనుప చువ్వలు మోస్తున్న లారీ పోతోంది. చువ్వల కొసలు వెనక్కి పొడుచుకొచ్చి ఉన్నాయి. బ్రేకు తొక్కితే పెడల్ నేలకు తగిలింది. మళ్లీ తొక్కాడు. మూడోసారికి ఎక్కడో కొంచెం పట్టింది. చువ్వలు అద్దానికి మూరెడు దూరంలో ఆగి, మళ్లీ ముందుకు కదిలాయి. అతని చొక్కా వీపుకు అంటుకుపోయింది.

పక్కకు తప్పుకుందామని హారను కొట్టాడు. దాని బటను లోపలికి పోయి అక్కడే ఇరుక్కుంది. ఇక ఆగకుండా మోగుతూనే ఉంది. ఆ గోలకు ఆటోలు, సైకిళ్లు చెదిరిపోయాయి. ఖాళీ దొరికిందని వేగం నలభై దాటించగానే స్టీరింగు వణకడం మొదలుపెట్టింది. దంతాలు టకటకమన్నాయి. అవి జీపు వల్ల కొట్టుకుంటున్నాయో, తనవల్లో అతనికి తెలియలేదు. అద్దంలో చూస్తే వెనక వీరేంద్ర మోటారు సైకిలు మీద చేతులూపుతూ వస్తున్నాడు. చక్రం ఊడిపోతోంది కాబోలు అనుకున్నాడు అమ్మిరాజు. వంగి చూసే ధైర్యం లేదు, ఆగే దారీ లేదు. "సాయీ, సాయీ" అనుకుంటూ రెండో గేరులోకి దించి, కళ్లు మాత్రం మూసుకోకుండా పోయాడు.

ఆస్పత్రి ఆవరణలో కొత్త గోడ కోసం పోసిన ఇసుక కుప్ప కనబడింది. అమ్మిరాజు జీపును తిన్నగా దానిలోకి తోలాడు. ముందు చక్రాలు సగం దాకా కూరుకుపోయాయి, ఇంజను ఒక్క కుదుపుతో ఆగింది. హారను మాత్రం మోగుతూనే ఉంది.

అతను గ్రీజు చేతులతో లోపలికి పరుగెత్తాడు. కౌంటరు దగ్గర సాయిలక్ష్మి నిలబడి ఉంది.

"సాయీ! రక్తం ఆగిందా?"

ఆమె వెనక్కి తిరిగి, దయ్యాన్ని చూసినట్టు కెవ్వుమంది. "మీకు ఆగిందా?"

"నాకేటయింది?"

"నాకేటయింది?"

ఇద్దరూ ఒకరి భుజాలు, వీపు ఒకరు తడుముకున్నారు. ఆమె జాకెట్టంతా గ్రీజు అయింది తప్ప ఎవరికీ గాయం దొరకలేదు. కౌంటరులో అమ్మాయి రిజిస్టరు తెరిచి, "పేషెంట్ కౌన్ హై?" అంది. ఇద్దరూ ఒకరినొకరు చూపించారు.

అంతలో వీరేంద్ర రొప్పుతూ వచ్చి, హాలంతా వినిపించేలా అరిచాడు. "సార్, పాగల్ హో గయే క్యా! ఇంకా రెండు చక్రాల బ్లీడింగ్ మిగిలే ఉంది!"

సాయిలక్ష్మి "చక్రాల" అన్న మాటను ఒకసారి మెల్లగా పలికింది. తర్వాత మొగుడి వైపు చూసింది. ఉక్రోషంతో రెండు దెబ్బలు వేసి, ఆ చేతులతోనే అతన్ని పట్టుకుని భోరుమంది. అమ్మిరాజు తల వంచుకుని నిలబడ్డాడు. 

"నడుము నొప్పి అన్నావు కదా రాత్రి," అన్నాడు నెమ్మదిగా.

"మీరు విన్నారేటి?"

"ఇప్పుడు విన్నాను. రేపు సెలవు పెడతాను, డాక్టరుకి చూపిద్దాం." చుట్టూ చూశాడు. "బావగారేరీ?"

సాయిలక్ష్మి కళ్లు తుడుచుకుని, రక్తం తీసే గదివైపు చెయ్యి చూపింది. "మీరొచ్చేసరికి రక్తం సిద్ధంగా ఉండాలని, ముందు నాది తీసుకోండని వాళ్లతో దెబ్బలాడి మరీ ఇచ్చీసినాడు."

దుర్గారావు గదిలో మంచం మీద పడుకుని ఉన్నాడు. గార్డుగా ముప్పై ఆరేళ్లు అడవుల్లో గూడ్సు బళ్ల వెనక ఒంటరిగా ప్రయాణించిన మనిషి మొహం సున్నం కొట్టినట్టుంది. అమ్మిరాజును నిండు ప్రాణంతో చూసి లేవబోయి, కళ్లు తిరిగి మళ్లీ పడుకున్నాడు.

"బతికే ఉన్నావా బావా?"

అమ్మిరాజు జరిగింది చెప్పాడు. దుర్గారావు చూపు పైకప్పు వైపు తిప్పుకున్నాడు. ఇంక తిట్లు మొదలవుతాయని అమ్మిరాజు గుమ్మం వైపు ఒకడుగు జరిగాడు.

"నాకు సూదంటే భయం బావా," అన్నాడు దుర్గారావు. "ఇప్పటిదాకా ఎవరికీ సెప్పలేదు. నువ్వు కూడా సెప్పకు."

"నాకు అన్నీ భయమే బావగారూ," అన్నాడు అమ్మిరాజు. మంచం పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి చల్లగా ఉంది. ఇరవై ఏడేళ్ల చుట్టరికంలో అది పట్టుకోవడం అదే మొదటిసారి.

బయట వీరేంద్ర హారను తీగ పీకేసి దాని నోరు మూయించాడు. జీపును ఇసుకలోంచి వెనక్కి తోయించి, మిగిలిన రెండు చక్రాలకు అక్కడే గాలి తీశాడు. పెడల్ తొక్కడానికి సాయిలక్ష్మి కూర్చుంది. ఈసారి బ్రేకు గట్టిగా పట్టింది.

దుర్గారావు ఓపిక తెచ్చుకుని లేచి, నర్సును పిలిచాడు. "అమ్మా, మా బావకి ఏమీ కాలేదు. నా రక్తం నాకు తిరిగి ఎక్కించీయండి."

ఇచ్చిన రక్తం తిరిగి ఎక్కించరని, అది ఇంకెవరికో ప్రాణం పోస్తుందని నర్సు ఓపిగ్గా చెప్పి, రక్తదాతలకిచ్చే పళ్లరసం, బిస్కెట్ల పొట్లం ఆయన చేతిలో పెట్టింది. పొద్దుటినుంచి ఎవరూ ఏమీ తినలేదు. జీపు వెనక సీటులో కూర్చున్న దుర్గారావు బీర్‌గావ్ చేరేదాకా ఒక్కొక్క బిస్కెట్టే తీసి నమిలాడు గానీ, ఎవరికీ ఒక్కటి కూడా పెట్టలేదు.